గొంతు మీద ఎర్రగీత

మా షాపులో ఎక్కువగా చనిపోయినవాళ్ళ ఫ్లెక్సీలే వేస్తాం. పెళ్ళిళ్ళవీ, ఎన్నికలవీ, హజ్ చేసి వచ్చినవాళ్ళవీ కూడా వస్తాయి గానీ, బస్రాలో ఏ కాలంలోనూ గిరాకీ తగ్గనివి చావు బొమ్మలే. షాపు అషార్ బజారు వెనక సందులో ఉంది. యజమాని పెద్దకొడుకు పేరు రాఫిద్ కాబట్టి ఆయన్ని అందరూ అబూ రాఫిద్ అంటారు. నా పేరు సుందుస్. కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు తయారుచేస్తాను. పోయినవాడి ముఖం మీద మచ్చలు తుడిచి, వెనక ఆకాశమో నదో పెట్టి, కింద పేరు రాస్తాను.

మెషీను చూసుకునేది గజ్వాన్. ఆ మెషీను గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటుంది. గజ్వాన్ దాన్ని ముసల్ది అనేవాడు. "ముసల్ది ఇవాళ అలిగింది, ఎవరూ దగ్గరికి పోకండి" అని పొద్దున్నే చెప్పేవాడు. అబూ రాఫిద్‌ను కూడా వదిలేవాడు కాదు. "హాజీ, నువ్వు చెయ్యి పెడితే అది పక్షవాతం వచ్చి పడిపోతుంది, నువ్వు పోయి టీ తాగు" అనేవాడు. అబూ రాఫిద్ నిజంగానే పోయి టీ తాగేవాడు.

ఆ ఎండాకాలం ఊరికి ఉత్తరాన కాలువ నీళ్ళ కోసం రెండు తెగలు కొట్టుకుంటున్నాయి. కాలువకు ఇవతల ఒకళ్ళు, అవతల ఒకళ్ళు. మొదట పంపులు పగలగొట్టుకున్నారు, తరువాత గేదెల్ని కాల్చారు, ఆ తరువాత మనుషుల్ని. ఆ గొడవల్లో ఒక సాయంత్రం ఇవతలి తెగకు చెందిన దిర్గామ్ అనే కుర్రాడి శవం కాలువ గట్టున దొరికింది. శవాన్ని ముందుగా చూసింది అతని అన్న షలాష్. తమ్ముణ్ణి తనే గుడ్డలో చుట్టి, తనే బండిలో వేసుకుని నజఫ్ పుణ్యక్షేత్రానికి తీసుకెళ్ళి పూడ్చి వచ్చాడు.

షలాష్‌ను చూస్తే పక్కకు జరగాలనిపిస్తుంది. మాట తక్కువ, మెడ లావు, తుపాకి ఎప్పుడూ భుజాన్నే ఉంటుంది. నజఫ్ నుంచి రాగానే మా షాపుకు వచ్చాడు. వెంట మిజ్‌హర్ ఉన్నాడు, వాళ్ళ చిన్నాన్న కొడుకు. షలాష్ ఏడవలేదు. ఏడుపంతా మిజ్‌హరే ఏడ్చాడు. ఫోన్‌లో దిర్గామ్ ఫొటో నాకు చూపిస్తూ, "ఈ మీసం చూడు చెల్లీ, ఇంకా సరిగా రానే లేదు" అని కళ్ళు తుడుచుకున్నాడు. సంతాపం ఆఖరి రోజు మధ్యాహ్నం చుట్టుపక్కల తెగల పెద్దలందరూ వస్తారనీ, ఆ వేళకు గుడారం ముందు రెండంతస్తుల ఎత్తున బొమ్మ వేలాడాలనీ చెప్పారు. పేరు కింద ఏం రాయాలని అడిగాను. షలాష్ కాసేపు నేల చూసి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "ఛాతీ చూపించి తూటా తిన్నవాడు. అలా రాయి." అలాగే టైప్ చేశాను.

వాళ్ళు వచ్చినంతసేపూ గజ్వాన్ వెనక పెరట్లో ఉండిపోయాడు. అతను పుట్టింది కాలువ అవతలి తెగలో. చిన్నప్పుడే తల్లితో పట్నం వచ్చేసి మళ్ళీ ఆ గట్టు మొహం చూడలేదు. కానీ తెగల పగలో అవేవీ చెల్లవు. గుర్తింపు కార్డు మీద తెగ పేరుంటే చాలు. అబూ రాఫిద్ అతన్ని ఆ కొద్దిరోజులూ ఇంట్లో ఉండమన్నాడు. గజ్వాన్ వినలేదు. ఇంత పొడవు బొమ్మ ముసల్ది తను లేకుండా వెయ్యదనీ, వాళ్ళు వచ్చేసరికి తను మాయమైపోతాననీ అన్నాడు.

ఆఖరి రోజు పొద్దున్నే ముద్రణ మొదలుపెట్టాం. నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి, ఆ లేత మీసం వచ్చింది. గడ్డం కూడా అయిపోయి మెడ మొదలవుతుండగా కరెంటు పోయింది.

ఆ మెషీనులో గుడ్డను బల్లకు అంటిపెట్టి ఉంచేది కింద తిరిగే ఒక ఫ్యాను. అది గాలి లాగుతుంటే గుడ్డ చదునుగా పడుకుని ఉంటుంది. కరెంటు పోగానే ఫ్యాను ఆగింది. కింద బల్ల వేడిగా ఉంది, గుడ్డ ఉబ్బి మెడ దగ్గర ఒక మడత లేచింది. గజ్వాన్ జనరేటర్ వెయ్యడానికి పెరట్లోకి వెళ్ళాడు. నేను బ్యాటరీ మీద నడుస్తున్న కంప్యూటర్ తెర మీద ఫైలు చూసుకుంటున్నాను. జనరేటర్ మోగింది, దీపాలు వెలిగాయి. ఎక్కడ ఆలస్యమవుతుందోనని అబూ రాఫిద్ తొందరపడి బటన్ నొక్కేశాడు.

రంగులు చిమ్మే హెడ్లు నాలుగూ ఒక బండిలో వరసగా ఉంటాయి. ఆ బండి పట్టా మీద అటూ ఇటూ పరుగెత్తుతుంది. హెడ్డుకూ గుడ్డకూ మధ్య గోరు పట్టేంత సందు కూడా ఉండదు. బండి వచ్చి ఆ మడతను గుద్దుకుంది. ఫట్‌మని ఏదో విరిగిన చప్పుడు. ఎర్ర రంగు హెడ్ వరసలో చివరది కాబట్టి దెబ్బంతా దానికే తగిలింది. అది గూటిలోంచి జారి గుడ్డను రాసుకుంటూ పోయింది. నేను లేచి మెషీను ఆపేసరికి దిర్గామ్ గొంతు మీద ఈ చెవి కింద నుంచి ఆ చెవి కిందకు ఎర్రటి గీత పడింది. గీత కూడా కాదు, చారిక. దాని అంచుల నుంచి రంగు కిందికి కారుతోంది.

గజ్వాన్ వచ్చి చూశాడు. "ఎవరు నొక్కారు?" అన్నాడు. అబూ రాఫిద్ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. గజ్వాన్ తిట్టకుండా స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. అంతలోనే బయట సందులో షలాష్ వాళ్ళ బండి ఆగింది. ఎండ ముదరకముందే తీసుకుపోదామని వాళ్ళు ముందే వచ్చేశారు.

షలాష్, మిజ్‌హర్, ఒక డ్రైవరు, వాళ్ళ మేనమామ జాసిబ్. జాసిబ్ తెల్లగడ్డం ముసలాయన. గజ్వాన్ పెరటి తలుపు దాటిపోయాడు. అబూ రాఫిద్ చేతులు చాపి అడ్డం వెళ్ళి, కొంచెం పాడైంది, మళ్ళీ వేస్తామని చెప్పబోయాడు. షలాష్ ఆయన్ని పక్కకు నెట్టి మెషీను దగ్గరికి వచ్చాడు. బల్ల మీద పరుచుకుని ఉన్న తమ్ముడి ముఖాన్ని చూశాడు. వేలితో ఆ గీతను తాకాడు. వేలు ఎర్రగా వచ్చింది.

అతని ముఖంలో రంగు పోవడం నేను చూశాను. పెదవులు తెల్లబడ్డాయి. వెనక్కి తిరిగి తుపాకి మడమతో అబూ రాఫిద్ నోటి మీద కొట్టాడు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.

ఏం చెప్పడమో అబూ రాఫిద్‌కు తెలియదు, నాకూ తెలియదు. ఆయన నేల మీద పడి పళ్ళు ఉమ్ముతూ, కరెంటు పోయిందనీ, మెషీను గుద్దుకుందనీ, దేవుడి మీద ఒట్టనీ అంటున్నాడు. షలాష్ ఆయన కాలర్ పట్టుకుని లేపి మళ్ళీ అదే మాట అడిగాడు, మళ్ళీ కొట్టాడు. మిజ్‌హర్ వచ్చి డొక్కలో తన్నడం మొదలుపెట్టాడు. డ్రైవరు షట్టర్ దించేశాడు. నేను అడ్డం వెళితే నన్ను జుట్టు పట్టి కంప్యూటర్ బల్లకేసి విసిరింది మిజ్‌హరే. నుదురు పగిలి కంట్లోకి రక్తం కారింది. జాసిబ్ మామ మాత్రం ఆడపిల్ల మీద చెయ్యేంటని గట్టిగా గదమాయించాడు.

అబూ రాఫిద్ మూలుగు పెరట్లోకి వినిపించి ఉంటుంది. గజ్వాన్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"ఆయన్ని వదిలెయ్యండి. మెషీను చూసేది నేను. అడిగేదేదో నన్నడగండి" అన్నాడు.

మిజ్‌హర్ అతన్ని గోడకు నొక్కి జేబులు వెతికాడు. కార్డు తీసి చదివాడు. చదవగానే నవ్వాడు.

"అన్నా, చూడు ఎవడు దొరికాడో. అవతలి వాళ్ళ పిల్లాడు. ఇక్కడ దాక్కుని మన శవాల బొమ్మలు వేస్తున్నాడు."

గజ్వాన్ కార్డు వైపు చూడలేదు. "కార్డు మీది తెగ పేరు మా నాన్నది తమ్ముడూ, పని నాది" అన్నాడు.

ఆ మాటకు మిజ్‌హర్ అతని నోటి మీద గుద్దాడు. తరువాత కుడిచెయ్యి మెలిపెట్టి మెషీను దగ్గరికి లాక్కుపోయాడు. పట్టా చివర, బండి వచ్చి ఆగే ఇనప గోడకు ఆ చేతిని ఆనించి డ్రైవరును పట్టుకోమన్నాడు. రెండు చేతులతో బండిని తోశాడు, తలుపు విసిరి వేసినట్టు. బండి బరువు మనిషంత ఉంటుంది. వేళ్ళు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. గజ్వాన్ అరవలేదు, ఊపిరి మాత్రం ఎగపీల్చాడు. రెండోసారి తోసినప్పుడు అరిచాడు. ఆ అరుపుకు డ్రైవరే భయపడి చెయ్యి వదిలేశాడు.

గజ్వాన్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. షలాష్ వచ్చి తుపాకి గొట్టం అతని తలకు ఆనించాడు.

మిజ్‌హర్ రొప్పుతున్నాడు. "ఇంకేం చూస్తున్నావన్నా? గొంతు కోసింది వీళ్ళే. అది చాలక బొమ్మలో కూడా కోసి, పెద్దలందరి ముందూ మన చేతే వేలాడదీయిద్దామనుకున్నారు. కాల్చెయ్."

నేను కళ్ళు మూసుకున్నాను. తుపాకి పేలలేదు. కళ్ళు తెరిచి చూస్తే షలాష్ అలాగే నిలబడి ఉన్నాడు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది గానీ చూపు గజ్వాన్ మీద లేదు. ఎదురుగా గోడను చూస్తున్నాడు, లెక్క తేలనివాడిలా. నాకూ అప్పుడే మనసులో ఏదో తట్టింది. ఆ బొమ్మ కింద నేను టైప్ చేసింది తూటా అని.

కాసేపటికి షలాష్ తుపాకి దించాడు.

"ఇది ఎలా అయింది?" అని గజ్వాన్‌ను అడిగాడు.

"చెప్తే నమ్ముతావా?"

"చెప్పొద్దు. చూపించు."

మిజ్‌హర్ ఏదో అనబోయాడు. షలాష్ అతని వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపాడు. గజ్వాన్ విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఈ చేత్తో చెయ్యలేనని, సుందుస్ చేస్తుందని చెప్పాడు. నేనెప్పుడూ ఆ బండి మూత కూడా తియ్యలేదు. అతను నా వైపు చూసిన చూపులో బతిమాలడం లేదు. రోజూ పని చెప్పేటప్పుడు చూసినట్టే చూశాడు. కంటి మీద రక్తం చేతివెనకతో తుడుచుకుని వెళ్ళాను.

మూత తీశాను. మూడు హెడ్లు వాటి గూళ్ళలో నిటారుగా కూర్చుని ఉన్నాయి. ఎర్రది ఒక పక్కకు ఒరిగి, తీగకూ రంగు గొట్టానికీ వేలాడుతోంది. హెడ్డును పైనుంచి తొక్కిపట్టే ఇనప లాచ్ సగానికి విరిగి ఉంది. గజ్వాన్ గోడకు ఆనుకుని మాట్లాడాడు. మాటకూ మాటకూ మధ్య పళ్ళు బిగబట్టేవాడు.

"విరిగిన లాచ్ తీసి షలాష్‌కి ఇవ్వు. చూడనీ. విరిగిన చోట కొత్తగా మెరుస్తోందా? ఇవాళే విరిగింది. ఎవరో స్క్రూ విప్పితే అలా విరగదు."

షలాష్ ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు.

"బండిలో నాలుగు ఖాళీ గూళ్ళున్నాయి చూడు సుందుస్. అందులోంచి ఒక లాచ్ విప్పుకో. ఇప్పుడు ఎర్రదాని గూడు తుడువు. అడుగున ఎండిన రంగు ఒక్క పలుకు ఉన్నా అది వంకరగా కూర్చుంటుంది. బాగా తుడువు."

తుడిచాను. గూటిలో ఒక పక్క రెండు సన్నటి ఇనప పిన్నులున్నాయి. ఎదురు పక్క వంగిన రేకు ఒకటి, స్ప్రింగులా.

"హెడ్ పక్కన రెండు గాడులున్నాయి కదా. అవి ఆ పిన్నుల మీదకి రావాలి. రేకుని వేలితో వెనక్కి నొక్కి, హెడ్‌ని నెమ్మదిగా దించు. బలవంతం చెయ్యకు. ఇప్పుడు రేకు వదులు. అదే నెడుతుంది. ఆనిందా?"

ఆనిందో లేదో తెలియలేదు. మళ్ళీ తీసి మళ్ళీ దించాను. ఈసారి గోటికి గోరు తగిలినట్టు చిన్న టక్ వేలికి తెలిసింది.

"ఆనింది" అన్నాను.

"ఆ టక్కే మనకి కావాల్సింది. రేకు పక్కనుంచి నెడుతుంది. పిన్నులు పోనివ్వవు. ఇప్పుడు పైనుంచి లాచ్ వేస్తే లేవలేదు. లాచ్ స్క్రూలు రెండూ కొంచెం కొంచెం తిప్పు. ఒకటే బిగిస్తే మనిషి ఒక కాలి మీద నిలబడ్డట్టు వాలిపోతుంది."

ఆ గదిలో ఇంకెవరూ కదల్లేదు. పెరట్లో జనరేటర్ మోత, నేల మీద అబూ రాఫిద్ ఊపిరి, ఇవే వినిపిస్తున్నాయి. నేను స్క్రూలు తిప్పుతుంటే జాసిబ్ మామ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. తన పాత తుపాకి బోల్టు కూడా ఇలాగే కూర్చుంటుందని షలాష్‌తో మెల్లగా అన్నాడు.

ఎర్రగీత పడ్డ బొమ్మను పక్కకు జరిపి తెల్లగుడ్డ వేశాం. సరళరేఖ ఒకటి ముందు నలుపులో, దాని మీదే ఎరుపులో ముద్రించాను. ఎర్రరేఖ నల్లరేఖ మీద కచ్చితంగా పడింది, సన్నగా, నిలకడగా.

"ఇప్పుడు మళ్ళీ పొద్దున జరిగినట్టే జరగాలి" అన్నాడు షలాష్.

గజ్వాన్ నిట్టూర్చాడు. లాచ్ విప్పమన్నాడు. విప్పాను. గుడ్డ కింద ఒక చింకిపేలిక మడిచి పెట్టమన్నాడు. గుడ్డ మడతలా లేచింది. బటన్ నొక్కాను. బండి వచ్చి ఆ ఉబ్బును గుద్దుకుంది. పైనుంచి పట్టేది లేక ఎర్ర హెడ్ ఎగిరి పిన్నులను దాటి ఒరిగింది, గుడ్డను రాసుకుంటూ పోయింది. తెల్లగుడ్డ మీద అదే చారిక, అంతే వెడల్పు, అలాగే అంచుల నుంచి కారుతూ పడింది.

షలాష్ దాన్ని చాలాసేపు చూశాడు. తరువాత జాసిబ్ మామ వైపు తిరిగాడు.

"మామా, దిర్గామ్ ఎలా పోయాడు?"

"అదేం మాటరా. ఛాతీలో తూటా. నువ్వే కదా చెప్పావు."

డ్రైవరును అడిగాడు. అతనూ తూటా అనే అన్నాడు. అందరూ అదే విన్నారన్నాడు.

"నువ్వేం విన్నావు, మిజ్‌హర్?"

"అదే. తూటా."

"ఇందాక గొంతు అన్నావు."

మిజ్‌హర్ నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. "బొమ్మ చూసి అన్నాను. ఇంత ఎర్రగా ఉంటే ఏమంటారు మరి?"

"బొమ్మలో కూడా కోశారు అన్నావు. కూడా. అంటే ముందెక్కడ కోశారు?"

మిజ్‌హర్ షట్టర్ వైపు చూశాడు. షలాష్ గొంతు తగ్గించి, తనలో తను అనుకుంటున్నట్టు మాట్లాడాడు.

"గొంతే. గొర్రెని కోసినట్టు కోశారు వాణ్ణి. గట్టు మీద నేనే చూశాను. నా తలపాగా గుడ్డతో మెడ చుట్టి కట్టాను. నజఫ్‌లో శవాన్ని కడిగినాయనకి తెలుసు, నాకు తెలుసు. అమ్మకి కూడా చెప్పలేదు. ఛాతీలో తూటా అన్నాను, ఆమె తట్టుకోలేదని. నీకెలా తెలిసిందిరా?"

మిజ్‌హర్ నడుము దగ్గరున్న పిస్తోలు లాగాడు. మొదటి తూటా జాసిబ్ మామ మోచేతిని చీల్చుకుపోయింది. రెండోది షట్టర్‌కు తగిలింది. మూడోది పేలేలోపు షలాష్ గుడ్డచుట్ట లోపలి ఇనప గొట్టం అందుకున్నాడు. దానితో మిజ్‌హర్ మణికట్టు మీద కొట్టాడు. పిస్తోలు పడిపోయింది. ఆ తరువాత మోకాలి మీద కొట్టాడు. అతను పడ్డాక ఆపలేదు.

నేను గోడ వైపు తిరిగాను. చూడకపోయినా చప్పుళ్ళు వినిపించాయి. ఒక్కో దెబ్బకూ ముందు షలాష్ ఒక్కో ప్రశ్న అడిగేవాడు, గొంతు పెంచకుండా. జవాబులు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. మిజ్‌హర్ దొంగచాటుగా డీజిల్ పడవలు పంపుతున్నాడు, అదీ కాలువ అవతలి వాళ్ళతో కలిసి. దిర్గామ్‌కు తెలిసిపోయింది. పెద్దలకు చెబుతానన్నాడు. మాట్లాడుకుందాం రమ్మని మిజ్‌హర్ అతన్ని గట్టు మీదకు పిలిచి కోశాడు. నేరం అవతలి తెగ మీదకు పోతుందనుకున్నాడు. తమ్ముడు చివర్లో ఏమన్నాడని షలాష్ అడిగాడు. మిజ్‌హర్ ఏం చెప్పాడో నాకు వినపడలేదు. అది విన్న తరువాత షలాష్ కొట్టిన దెబ్బలకు ముందు ప్రశ్నలు లేవు.

జాసిబ్ మామే చివరికి రక్తం కారుతున్న చేత్తో ఆ గొట్టాన్ని పట్టుకున్నాడు. "చాలు. ఇక్కడ కాదు. పెద్దల ముందుకి తీసుకుపోదాం" అన్నాడు. అప్పటికి మిజ్‌హర్‌కు స్పృహ లేదు. ముఖం ముఖంలా లేదు. డ్రైవరూ, షలాష్ కలిసి అతన్ని బయటున్న బండిలోకి ఈడ్చుకెళ్ళారు. మెషీను నుంచి షట్టర్ దాకా నేల మీద తడి పరుచుకుంది. అందులో ఏది మా రంగో, ఏది అతని రక్తమో తెలియలేదు.

షలాష్ తిరిగి వచ్చాడు. గజ్వాన్ ముందు గొంతుక్కూర్చున్నాడు గానీ క్షమించమనలేదు. ఆసుపత్రికి తీసుకుపోవడానికి రెండో బండి పిలిచానన్నాడు. ఆ తరువాత నా వైపు చూసి, మధ్యాహ్నానికి బొమ్మ అవుతుందా అని అడిగాడు. అవుతుందన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"ఆ తూటా మాట తీసెయ్యి" అన్నాడు. "పేరొక్కటే ఉంచు."

ఎర్ర హెడ్‌ను మళ్ళీ గూటిలో కూర్చోబెట్టి లాచ్ బిగించాను. ఆసుపత్రికి వెళ్ళే ముందు గజ్వాన్ ఎడమచేత్తో లాచ్ ఒకసారి కదిపి చూశాడు. అది కదల్లేదు. ఇంకా కొంచెం బిగించమని నాకు సైగ చేశాడు. తరువాత నేనొక్కదాన్నే ఆ బొమ్మ వేశాను. గుడ్డ మడత లేవకుండా రెండు చేతులతో అంచులు పట్టుకుని, బండితో పాటు ఇటూ అటూ నడుస్తూ వేశాను. మెడ వచ్చింది, భుజాలు వచ్చాయి, నది వచ్చింది. గీత లేదు. ఆ గుడ్డ చుట్ట భుజాన వేసుకుని డ్రైవరు వెళ్ళిపోయాక, అబూ రాఫిద్ పక్కన నేల మీద కూర్చుని ఆయన నోటి రక్తం తుడిచాను.

మిజ్‌హర్ శవం నదిలో తేలింది. పెద్దల ముందుకు తీసుకుపోయారో, దారిలోనే పోయాడో, ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. రెండు తెగల పెద్దలూ ఒక గుడారంలో కూర్చుని మాట్లాడుకున్నారు. కాలువ దగ్గర కాల్పులు ఆగాయి. జాసిబ్ మామ చేతికి కట్టుతో గజ్వాన్ ఇంటికి వెళ్ళి, తెగ తరఫున క్షమాపణగా అతని తల నిమిరి ముద్దుపెట్టుకున్నాడు. గజ్వాన్ ఆయనకు టీ ఇచ్చాడు. షలాష్ వెళ్ళలేదు. అతను ఆ తరువాత ఎవరి పెళ్ళికీ, ఎవరి చావుకీ రావడం లేదని చెప్పుకున్నారు.

గజ్వాన్ వేళ్ళు రెండు సరిగా అతకలేదు. బరువులెత్తగలడు, స్టీరింగ్ పట్టగలడు గానీ ఆ చిన్న టక్ ఆ వేళ్ళకు తెలియదు. కొంతకాలం షాపులో కుర్చీ వేసుకుని నాకు పని చెప్పాడు. నేను తప్పు చేస్తే ముసల్దాన్ని నాకిచ్చి పెళ్ళి చేసి తప్పు చేశాననేవాడు. తరువాత నాసిరియాలో మేనమామ దగ్గర లారీ నడపడానికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు అబూ రాఫిద్ ఏడ్చాడు. గజ్వాన్, "హాజీ, బటన్ మాత్రం ముట్టుకోకు" అన్నాడు.

చలికాలంలో ఒకరోజు ఒక ఆడమనిషి షాపుకు వచ్చింది. నల్ల అబాయా ముఖం మీదకు లాక్కుని, బయటే నిలబడి, లోపల మగవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది. అబూ రాఫిద్ నమాజుకు వెళ్ళాడని చెప్పాను. లోపలికి వచ్చి ఫోన్ తీసింది. తెర మీద మిజ్‌హర్ నవ్వుతూ ఉన్నాడు, ఒళ్ళో చిన్నపిల్లతో.

అతనికి గుడారం వెయ్యనివ్వలేదనీ, సంతాపానికి ఎవరూ రాలేదనీ, ఊళ్ళో ఏ షాపూ అతని బొమ్మ వెయ్యనంటోందనీ చెప్పింది. పెద్దది వద్దు, గోడకు పెట్టుకునేంత చాలు, లోపలి గదిలో పెట్టుకుంటానంది.

"నేనెవరో నీకు తెలుసా అక్కా?" అన్నాను.

"తెలుసు. నీ నుదుటి మీద మచ్చ చూశాను." ఫోన్ తెరను అబాయా అంచుతో తుడిచింది. "అతను చేసినవన్నీ నాకు తెలుసమ్మా. పిల్లలకి తెలీదు. వాళ్ళు నాన్న ముఖం మర్చిపోతారేమోనని."

నాకు గజ్వాన్ చేతి మీదకు బండి తోస్తున్నప్పటి అతని ముఖం గుర్తుకొచ్చింది. అది ఆ ఫొటోలో ఎక్కడైనా ఉందేమోనని చూశాను. లేదు. పిల్ల అతని మీసం పట్టుకుని లాగుతోంది, అతను నవ్వుతున్నాడు.

అబూ రాఫిద్ వచ్చేలోపు అయిపోవాలి. ఆమెను కూర్చోమని చెప్పి, బండి మూత తీసి హెడ్లన్నీ వేలితో ఒకసారి ఆనించి చూసి, గుడ్డ వేశాను. పేరు రాయనా అని అడిగాను. వద్దంది. బొమ్మ ఆరేదాకా ఆమె సందు వైపే చూస్తూ కూర్చుంది. ఆరాక చిన్నగా చుట్టి ఇచ్చాను. ఆమె దాన్ని అబాయా లోపల దాచుకుని, సందులో ఎవరూ లేరని చూసుకుని, గోడ పక్కనే నడుస్తూ వెళ్ళిపోయింది.